మల్లేశ్వరి గారి రెండింటి బ్యాచ్

“మా పాప మునిగిపోతుందేమోనని భయంగా ఉందండీ. నీళ్లలో మునిగేవాళ్లు అరవరట. చప్పుడే రాదట. నేను వంటగదిలో ఉంటే నాకు తెలియను కూడా తెలియదు.”

ఆవిడతో నేను మాట్లాడిన మొదటి మాటలివి. నా పేరు చెప్పలేదు, పాప పేరు చెప్పలేదు, నమస్కారం కూడా పెట్టలేదు. ఆవిడ నడుం లోతు నీళ్లలో నిలబడి, ఒక చిన్న పిల్ల వీపు కింద అరచేయి పెట్టి తేలిస్తున్నారు. తల తిప్పకుండానే జవాబిచ్చారు.

“ముందు పాప పేరు చెప్పమ్మా. మునిగే సంగతి తర్వాత చూద్దాం.”

పాప పేరు వేద. అప్పటికి నాలుగేళ్లు. మేము టెక్సస్‌లో ఇర్వింగ్ పక్కనున్న ఒక చిన్న ఊళ్లోకి మారి నెల కూడా కాలేదు. తీసుకున్నది గ్రౌండ్ ఫ్లోర్ అపార్ట్‌మెంట్. వెనక తలుపు తీస్తే గడ్డి, గడ్డి దాటితే కంచె, కంచె లోపల నీలంగా మెరుస్తూ స్విమ్మింగ్ పూల్. ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు నాకూ, మా ఆయన ఉదయ్‌కీ నచ్చింది అదే. సామాన్లు సర్దుకున్నాక కంచె గేటు గొళ్లెం సరిగ్గా పడదని తెలిసింది. లీజింగ్ ఆఫీసుకి మెయిల్ పెడితే “రిక్వెస్ట్ అందింది” అని జవాబు వచ్చింది. గొళ్లెం మాత్రం అలాగే ఉంది.

మా ఇద్దరికీ ఈత రాదు. ఉదయ్‌ది కర్నూలు జిల్లా. “మా ఊళ్లో నీళ్లు బిందెలో చూడటమే” అంటాడు. నేను నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో కెమిస్ట్‌ని. నీళ్లలో ఏముందో చెప్పగలను కానీ, నీళ్లలో ఉండలేను. మా అపార్ట్‌మెంట్ పూల్‌లో డబ్బు తీసుకుని ఎవరూ ఈత నేర్పకూడదని రూలు. అందుకే సిటీవాళ్ల పూల్, అంటే మున్సిపాలిటీది, వెతుక్కుంటూ వెళ్లాను. అక్కడ పదకొండు వేసవులుగా పిల్లలకి ఈత నేర్పుతున్న మనిషి పేరు నాగమల్లేశ్వరి.

ఆవిడకి అరవై దగ్గర పడ్డాయి. మోకాళ్ల దాకా నల్లటి లెగ్గింగ్, పైన పొడుగు చేతుల టీషర్టు, మెడలో మంగళసూత్రం, దానితో పాటు ఎర్ర విజిల్. రెండూ రోజుకి నాలుగుసార్లు చిక్కుపడతాయి. ఆవిడ తిట్టుకుంటూ విడదీసుకుంటారు. భర్త వీరభద్రం గారు పోస్టాఫీసులో ఉత్తరాలు సార్టింగ్ చేసి రిటైరయ్యారు. ఆయనకీ ఈత రాదు. రోజూ గట్టు మీద గొడుగు కింద కూర్చుని, ఫ్లాస్కులో తెచ్చిన మజ్జిగ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పోస్తారు. మల్లేశ్వరి గారు ప్రతి శనివారం గ్యాస్ స్టేషన్లో సర్కారు నడిపే టెక్సస్ లాటరీ టికెట్ కొంటారు. ఎందుకని అడిగితే, “గవర్నమెంటు మీద నమ్మకం” అని నవ్వుతారు.

ఆవిడ తండ్రి బందరు కాలువ మీద లస్కరు. అంటే తూము తలుపులు ఎత్తి దించి, ఎవరికెన్ని నీళ్లో చూసే ఇరిగేషన్ శాఖ చిన్న ఉద్యోగి. ఇల్లు కాలువగట్టు మీదే. పిల్లలు నీళ్లలో పడకుండా చూడటం కుదరదని ఆయనకి తెలుసు. అందుకని ఐదేళ్లకే కూతురి వీపుకి ఎండిన సొరకాయ బుర్రలు కట్టి కాలువలో దించారు. ఆడపిల్లకి ఈతేమిటని అడిగినవాళ్లకి, “కాలువకి ఆ సంగతి తెలవదుగా” అని జవాబు చెప్పేవారట. పెళ్లయి అమెరికా వచ్చాక మల్లేశ్వరి గారు ఇరవై ఏళ్లు ఒక గిడ్డంగిలో పెట్టెలు సర్దారు. ఒక ఎండాకాలం సిటీ పూల్‌లో సరదాగా ఈదుతుంటే, అక్కడి సూపర్‌వైజర్ చూసి పిల్లలకి నేర్పుతావా అని అడిగింది. ఆవిడ మర్నాడే వెళ్లి పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకున్నారు.

మొదటి రోజు వేద గట్టు దిగనంది. ఆవిడ బతిమాలలేదు. మెట్టు మీద కూర్చోబెట్టి కాళ్లు తడుపుకోమన్నారు. “రేపు కూడా ఇంతే. ఎల్లుండి కూడా ఇంతే. డబ్బులు వేస్టనిపిస్తే చెప్పు, మానేద్దాం” అన్నారు నాతో. నాలుగో రోజుకి వేద నీళ్లలో మొహం పెట్టి బుడగలు ఊదింది.

అప్పుడు వచ్చిపడింది మా ఊరి అప్పు.

కొన్నేళ్ల క్రితం మా సిటీ, హైవే పక్కన పెద్ద కన్వెన్షన్ హాలు కట్టడానికి బాండ్లు అమ్మి అప్పు తెచ్చింది. పక్కనే హోటలు వస్తుంది, ఆఫీసులు వస్తాయి, పన్నులు కురుస్తాయి అన్నారు. ఆఫీసుల వాళ్లు ఇళ్ల నుంచే పని చేయడం మొదలుపెట్టారు. హోటలు రాలేదు. బాండ్ల కిస్తు మాత్రం ఏడాదేడాదీ వచ్చింది. రేటింగ్ పడిపోయింది, పాత అప్పు తీర్చడానికి తెచ్చే కొత్త అప్పుకి వడ్డీ పెరిగింది. లైబ్రరీ వారంలో రెండు రోజులు మూశారు. వీధి దీపాలు ఒకటి విడిచి ఒకటి వెలిగించారు. ఆ తర్వాత స్విమ్మింగ్ పూల్స్ మీద పడ్డారు.

గట్టు మీద బెంచీ దగ్గర రోజూ ఇదే వాదన. ఒకవైపు శ్రీహర్ష. వరంగల్ కుర్రాడు, దగ్గర్లోని లాస్ కొలీనాస్‌లో డేటా ఇంజినీర్. ఆరేళ్ల కొడుకుని ఈతకి తెచ్చేవాడు. ఇంకోవైపు పద్మనాభం గారు. కరెంటు బోర్డులో జీవితమంతా పనిచేసి, ఇప్పుడు మనవరాలిని ఈతకి తీసుకొచ్చే తాతయ్య.

“సిటీకి స్విమ్మింగ్ పూల్‌తోని పనేంది అంకుల్? అప్పు చేసి హాలు కట్టుమన్నదెవరు? అమ్మేయాలె. ప్రైవేటోడు కొంటే రేటు వాడే ఫిక్స్ చేస్తడు. కావాల్సినోడు కడ్తడు.”

“కట్టలేనివాడి పిల్లలో?”

“బాత్‌టబ్బుల ఆడ్కుంటరు.”

“ఏవయ్యా, నీకు నవ్వులాటగా ఉంది. అప్పుల్లో ఉన్నప్పుడే సర్కారు నిలబడాలి. ఇంటికి ఇంత అని పన్ను పెంచమను, కడదాం. మీ మార్కెట్టునే నమ్ముకుంటే మన్యంలో ఊళ్లకి కరెంటు తీగ పడేదా? మా బోర్డు వేసింది!”

“తీగేసిన్రు అంకుల్. కరెంటే ఇయ్యలే.”

వీరభద్రం గారు మజ్జిగ పొలమారేంతగా నవ్వారు. నీళ్లలోంచి విజిల్ మోగింది.

“ఆ అరిచేదేదో ఇద్దరూ లోపలికి దిగి అరవండి. కాస్త చల్లబడతారు.”

నాకు ఈ వాదనల్లో ఇద్దరూ నిజమే చెబుతున్నారనిపించేది. ల్యాబ్‌లో రెండు రీడింగులు కలవకపోతే మూడోసారి పరీక్ష చేస్తాం. ఊరికి ఆ వీలు లేదు. నా భయం మాత్రం ఒకటే. పూల్ మూసేస్తే, బుడగలు ఊదటం దగ్గరే మా పిల్ల ఈత ఆగిపోతుంది. మా వెనక గేటు గొళ్లెం ఇంకా అలాగే ఉంది.

చివరికి సిటీ రెండు పూల్స్‌లో ఒకటి మూసేసింది. మాది ఈ వేసవికి గంటల లెక్కన అద్దెకిస్తామంది. రోజుకి నాలుగు గంటలు: పొద్దున ఎనిమిది, పదకొండు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరున్నర. గంటకి పదిమంది పిల్లలు. నాలుగు బ్యాచీలూ నిండితేనే లైఫ్‌గార్డుల జీతాలు గిట్టుబాటవుతాయి. శుక్రవారంలోపు ఒక్క బ్యాచ్ ఖాళీగా ఉన్నా సోమవారం నీళ్లు తోడేస్తారు. మల్లేశ్వరి గారు నేర్పడానికి సిద్ధం. అద్దె ఎంతన్నది తేలిపోయింది. ఎవరికి ఏ గంట అన్నదే తేలాలి.

“సింపుల్. ఆక్షన్” అన్నాడు శ్రీహర్ష. ఆదివారం భోజనాలయ్యేసరికి ఫోన్లలో వేలంపాట మొదలైంది. సాయంత్రం ఆరున్నర అందరికీ కావాలి. ఆఫీసు అయిపోతుంది, ఎండ తగ్గుతుంది. అంకె పెరుగుతుంటే నేను కూడా పెంచాను. పెంచుతూనే ఉండగా ఉదయ్ ఫోన్ లాక్కున్నాడు.

“ఏం చేస్తున్నావ్? ఈ డబ్బుతో ఇంట్లోనే చెరువు తవ్వించుకోవచ్చు.”

సోమవారం పొద్దున్నకి గెలిచినవాళ్లలో సగంమంది వెనక్కి తగ్గారు. ఓడినవాళ్లు అలిగారు. మధ్యాహ్నం రెండింటికి ఎవరూ పాడనే లేదు. టెక్సస్ జులైలో రెండింటికి ఆ గట్టు మీద ఉత్తకాళ్లతో నిలబడితే అట్టు వేసినట్టే.

మంగళవారం పద్మనాభం గారి వంతు. అందరికీ ఒకే రేటు, స్టీలు డబ్బాలో పేర్లు, మనవరాలితో లాటరీ తీయించారు. రెండింటి బ్యాచ్ వచ్చినవాళ్లు “మేము మానేస్తాం” అన్నారు. ఆరున్నర వచ్చినవాళ్లలో ఒకాయన మా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు: ‘ఈవెనింగ్ సీట్ అవైలబుల్. రేటు ఇన్‌బాక్స్‌లో.’

పద్మనాభం గారు బెంచీ మీంచి లేచి నిలబడ్డారు. “బ్లాక్ టికెట్లయ్యా! సినిమా హాలు దగ్గర అమ్మినట్టు బ్లాక్‌లో అమ్ముతున్నాడు!”

“మార్కెట్‌ని డోర్లకెళ్లి రానియ్యకుంటే కిటికీలకెళ్లి వస్తది అంకుల్” అన్నాడు శ్రీహర్ష. అతని మొహంలోనూ సంతోషం లేదు. వాళ్ల పిల్లాడికి వచ్చింది రెండింటి బ్యాచే.

బుధవారం మధ్యాహ్నం ల్యాబ్ నుంచి వచ్చి నేను గిన్నెలు తోముతుంటే ఇల్లు మరీ నిశ్శబ్దంగా అనిపించింది. వెనక తలుపు తెరిచి ఉంది. పరిగెత్తాను. వేద కంచె గేటు పట్టుకుని అటూ ఇటూ ఊపుతోంది. ఇంకా లోపలికి వెళ్లలేదు. “అమ్మా, డోర్ ఓపెన్ ఉంది” అంది, నాకేదో మంచి కబురు చెబుతున్నట్టు. ఎత్తుకుని ఇంట్లోకి తెచ్చాను. ఆ పూట లీజింగ్ ఆఫీసుకి మెయిల్ పెట్టలేదు. హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి మంచి గొళ్లెం కొని, నేనే బిగించాను. తర్వాత పాపని తీసుకుని మల్లేశ్వరి గారి దగ్గరికి వెళ్లి చెప్పాను.

ఆవిడ మంగళసూత్రం నుంచి విజిల్ తాడు విడదీసుకున్నారు. తర్వాత భర్తని పిలిచారు.

“ఏవండీ, రేపు అయిదింటికి అందరినీ ఇక్కడికి రమ్మని గ్రూపులో పెట్టండి. మజ్జిగ ఎక్కువ చేయండి.”

గురువారం అందరం గట్టు మీద చేరాం. ఆవిడ నీళ్లలోకి కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు.

“మా నాన్న లస్కరు. నీళ్లు తక్కువైన సంవత్సరం గవర్నమెంటు వంతులు పెట్టేది. నాలుగు రోజులు ఎగువనున్న పైవాళ్లకి, నాలుగు రోజులు కాలువ చివరనున్న శివారు భూములకి. కాయితం మీద బానే ఉండేది. కానీ పైనున్న రైతు, పక్కనే నీళ్లు పోతుంటే ఊరుకుంటాడా? తూము తలుపు ఎత్తేసేవాడు. నాన్న ఎంతమందితో తగువు పడతాడు? చివరికి శివారువాళ్లతో మాట్లాడి, వాళ్ల చేతే పైవాళ్ల పొలాల్లోని పిల్లకాలువల్లో, బోదెల్లో పూడిక తీయించాడు. పైవాడికి పని కలిసొచ్చింది, తలుపు జోలికి రావడం మానేశాడు.”

“దానికీ ఈ పూల్‌కీ ఏం సంబంధం ఆంటీ?” అన్నారెవరో.

“చెప్తున్నా కదా. మీ అమ్మలు చీటీలు వేసేవాళ్లు కారూ? చీటీ పాటలో, తొందరగా కావాల్సినవాడు ఎక్కువకి పాడుకుంటాడు. వాడు వదులుకున్నది ఎవరికి పోద్ది? మిగతావాళ్లందరికీ పంచుతారు. అందుకే పాడేవాడి మీద ఎవరికీ కోపం రాదు. పాడుకో నాయనా, ఇంకా పాడుకో అంటారు. అలాగే చేద్దాం. అందరికీ ఒకే రేటు. ఆరున్నర కావాలనేవాళ్లు ఆ పైన ఎంతిస్తారో పాడండి. ఆ పైడబ్బు మొత్తం రెండింటివాళ్ల ఫీజులోంచి తీసేద్దాం.”

వీరభద్రం గారు బల్ల మీద గ్లాసుల్లో మజ్జిగ పోశారు.

“ఇదే మార్కెట్ ఆంటీ! నేను మొన్నటి సంది చెప్పేది గిదే!” శ్రీహర్ష ఎగిరాడు.

“మార్కెట్టేవిటయ్యా, ఉన్నవాడి దగ్గర తీసి లేనివాడికి ఇవ్వడం! ఇది నేను చెప్పింది!” పద్మనాభం గారు బల్ల గుద్దారు. మజ్జిగ గ్లాసులు కదిలాయి.

“మీ ఇద్దరిదీ కాదు. ఇది చీటీ” అన్నారు మల్లేశ్వరి గారు.

శ్రీహర్ష అప్పటికే ఫోన్లో లెక్క వేస్తున్నాడు. “ఒక డౌట్ ఆంటీ. సాయంత్రానికి బాగా పాడిన్రనుకోండి, రెండింటికి ఫీజే ఉండదు. అప్పుడు ఇరవైమంది రెండింటికే ఎగబడ్తరు. ఏం చేస్తరు?”

ఆవిడ ఆలోచించారు. “నాకది తట్టలేదు అబ్బాయ్. నువ్వే చెప్పు.”

“రివర్స్ పెట్టాలె. రెండింటికి ఎక్కువమంది వస్తే, తక్కువ తగ్గింపుకి ఒప్పుకున్నోళ్లకి ఆ సీట్లు. మిగిలింది పదకొండు బ్యాచ్‌కి కూడా పంచొచ్చు.”

“బావుంది, రాసెయ్. ఇంకొకటి. ఆరున్నరలో ఒక సీటు పాటకి పెట్టను. మొదటి చీటీ నడిపేవాళ్లది కదా, దానికి పాట ఉండదు. ఆ సీటు నాది. నాకిష్టమైన వాళ్లకిస్తా. ఎవరికని అడగొద్దు.”

ఆ వారమంతా ఒక్క మాట మీదకి రాని ఇద్దరూ ఈసారి ఒకేసారి అభ్యంతరం చెప్పారు. అట్లయితే సిస్టమ్ ట్రాన్స్‌పరెంట్‌గా ఉండదని శ్రీహర్ష, ఏ పద్ధతికైనా ఒక నియమం ఉండాలని పద్మనాభం గారు.

“సరే. అయితే రేపటి నుంచి మీరిద్దరూ దిగి నేర్పండి” అన్నారావిడ.

ఇద్దరూ మజ్జిగ తాగారు.

అక్కడే, ఆ గట్టు మీదే, నోటితోనే పాట జరిగింది. పాడేవాళ్లని చూసి మిగతావాళ్లు “ఇంకొంచెం, ఇంకొంచెం” అని కేకలేశారు. పాడి గెలిచిన ఒక డాక్టర్ గారికి రెండింటి బ్యాచ్ తల్లులు చప్పట్లు కొట్టారు. ఆయన సిగ్గుపడుతూ చెయ్యెత్తి దండం పెట్టారు. శ్రీహర్ష అన్నట్టే రెండింటికి పదిమంది పట్టేచోట పన్నెండుమంది వచ్చారు. ఇద్దరు పదకొండుకి సర్దుకున్నారు. నేను పొద్దున అయిదింటికే ల్యాబ్‌లో దిగుతాను, ఒంటిగంటకి ఖాళీ. ఇంతకుముందు ఈ సంగతి ఎందుకు ఆలోచించలేదో నాకే తెలియదు. వేదకి రెండింటి సీటు తీసుకున్నాను.

“ఆంటీ, ఆ టైమ్‌లో ఎండ యూవీ ఇండెక్స్ పదకొండు దాకా ఉంటుంది, చర్మానికి చాలా ప్రమాదం” అన్నాను సంతకం పెడుతూనే.

“టోపీ పెట్టు” అన్నారావిడ.

శుక్రవారం సిటీ ఆఫీసులో డబ్బు కట్టేశాం. సోమవారం పూల్‌లో నీళ్లు అలాగే ఉన్నాయి.

ఆ వేసవి మాకు బాగా గడిచింది. రెండింటి బ్యాచ్ తల్లులం గొడుగుల కింద వరసగా కూర్చుని పుచ్చకాయ ముక్కలు పంచుకునేవాళ్లం. వీరభద్రం గారు గట్టు మీద బకెట్లతో నీళ్లు కొట్టి పిల్లల కాళ్లకి దారి చేసేవారు. శ్రీహర్ష వాళ్లబ్బాయి కూడా మా బ్యాచే. మధ్యాహ్నం మీటింగుల మధ్యలో తీసుకొచ్చేవాడు. ఒకరోజు పద్మనాభం గారికి ఫోన్లో షేర్ల ఆప్షన్స్ ట్రేడింగ్ అంటే ఏమిటో నేర్పుతూ కనిపించాడు. ఆయన “ఇది జూదం, దీన్ని సర్కారు మూయించాలి” అంటూనే చూస్తున్నారు. పాట లేని ఆ ఒక్క సీటు ఎవరికిచ్చారో మేమెవరం అడగలేదు. ఒక సాయంత్రం మర్చిపోయిన టవల్ కోసం వెళ్లినప్పుడు చూశాను. ఆరున్నర బ్యాచ్‌లో స్పానిష్ మాట్లాడే తల్లి ఒకామె, పని యూనిఫామ్‌తోనే గట్టు మీద కూర్చుని, ఈదుతున్న కూతురి వెంట కళ్లు తిప్పుతోంది.

ఊరి అప్పు తీరలేదు. వచ్చే ఏడాది పన్ను పెంచాలా, పూల్ అమ్మాలా అని ఓటింగు పెడతారట. బెంచీ మీద ఆ వాదన ఇంకా నడుస్తోంది. నేనే వైపు ఓటేస్తానో నాకింకా తెలియదు. వచ్చే వేసవికి కూడా చీటీ పెట్టమని మాత్రం అందరం మల్లేశ్వరి గారిని ఇప్పుడే అడిగి ఉంచాం. “లాటరీ తగలకపోతే చూద్దాం” అన్నారు.

ఆగస్టు ఆఖరి వారంలో ఆవిడ నన్ను కూడా నీళ్లలోకి దింపారు. నడుం లోతు. వేద గట్టు అంచున నిలబడింది, దూకడానికి. నేను పిల్ల రెండు మణికట్లూ గట్టిగా పట్టుకున్నాను.

“అమ్మా, లెట్ గో చెయ్యి” అంది వేద.

వదల్లేకపోయాను. వదిలితే మునుగుతుంది, పట్టుకుంటే దూకలేదు. మల్లేశ్వరి గారు నా పక్కకి వచ్చారు.

“పట్టుకోకమ్మా. అలాగని వెనక్కీ పోకు. చెయ్యి చాపి, అందేంత దూరంలో నిలబడు. మునిగితే ఒక్క అడుగులో అందాలి. తేలితే నువ్వు అడ్డం రాకూడదు. అంతే నీ పని.”

మణికట్లు వదిలి ఒక అడుగు వెనక్కి వేసి, చెయ్యి చాపాను. వేద దూకింది. తల మునిగింది, చప్పుడు లేదు. నేను లోపల లెక్కపెట్టడం మొదలుపెట్టేలోపే తల పైకొచ్చింది, కాళ్లు తన్నింది, నా చేతిని దాటుకుని వెళ్లి పక్క గట్టు పట్టుకుంది.

వేద ఇప్పుడు సైకిల్ నేర్చుకుంటోంది. స్టూలెక్కి దోసె పిండి కలుపుతోంది. పార్కులో తనకన్నా పెద్ద పిల్లలతో జారుడుబల్ల ఎక్కుతోంది. నా భయం ఎక్కడికీ పోలేదు. ఆ భయాన్ని వెంట తీసుకునే వెళ్లి, వేదకి అందేంత దూరంలో, చెయ్యి చాపి నిలబడుతున్నాను.